నూట నలభై మూడో పేజీ

డులూత్‌లో ఏప్రిల్ అంటే ఇంకా మంచే.
సరస్సు మీద ఇనుప ఖనిజం ఓడ కూత పెడితే
మా బడి లైబ్రరీ కిటికీ అద్దాలు
పళ్ళు కొరుకుతాయి.

తిరిగొచ్చిన పుస్తకాల బండిలో
ఆ నవల మళ్ళీ వచ్చింది.
అట్ట మీద వాన, వానలో వాడు,
మొహం సగమే కనిపిస్తుంది.
ఏడేళ్ళలో రెండుసార్లు కుట్టు ఊడితే
నేనే జిగురు పెట్టి
రాత్రంతా ఇటుక కింద ఉంచాను.
మా దగ్గర ఇంతగా నలిగిన పుస్తకం ఇంకోటి లేదు.

కథ చెప్పడం సులువే.
వాడు ఆమె కిటికీ కింద తెల్లవార్లూ నిలబడతాడు.
ఆమె స్నేహితురాళ్ళు వాడికి నచ్చరు,
ఒక్కొక్కరే కథలోంచి రాలిపోతారు.
నూట నలభై మూడో పేజీలో
ఆమె ఫోను లాక్కుని గోడకేసి కొడతాడు,
మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తాడు.
ఆ ఏడుపుకి రచయిత్రి
రెండున్నర పేజీలు ఇచ్చింది.
పగిలిన ఫోనుకి ఒక వాక్యం.

ఆ పేజీ అంచున
ఊదారంగు పెన్సిలుతో గుండె బొమ్మ,
ఎంత నొక్కి గీసిందో
వెనక పేజీలో కూడా గుంట పడింది.
దాని కింద వేరే చేతిరాత:
‘ఇలాంటివాడు నాకెప్పుడు దొరుకుతాడో.’
మరో ఏడాది పిల్ల కాబోలు,
ఒక్క ప్రశ్నార్థకం పెట్టి చెరిపేసింది.
చెరిపినా కనిపిస్తోంది.
ఈసారి కొత్తది, చీమ తలంత అక్షరాలు:
‘నాది కూడా. ఇది రెండో ఫోను.’

మొదటిసారి చదివి
కథ గురించి రాసిందనుకున్నాను.
రెండోసారి చదివి
కుర్చీ కోసం వెతుక్కున్నాను.

ఎవరు తీసుకెళ్ళారో చూడబోయాను.
పుస్తకం వెనక్కి రాగానే పేరు మరిచిపొమ్మని
కంప్యూటరుకి నేర్పింది మేమే.
పిల్లలు ఏం చదివారో ఎవరూ అడగకూడదని
మీటింగులో బల్ల గుద్దింది నేనే.

ఐలీ పెల్టోలానా?
చలికాలమంతా లోపల కూడా మఫ్లరు తియ్యలేదు.
కోరిన్‌నా? నిన్న బెల్లు కొడితే
అందరూ లేచారు, తను ఉలిక్కిపడింది.
లేక, అందరితో నవ్వుతూనే
టైమెంతైందని నన్ను మూడుసార్లు అడిగిన
ఆ కొత్తమ్మాయా?
చేతిలో ఫోనున్న పిల్లలు
టైము అడగరు.

నాకు పదిహేడేళ్ళప్పుడు
వెండెల్ అనేవాడు నా కారు మీటరు చూసి
అంకెలు అరచేతిలో రాసుకునేవాడు.
బడికి పోను ఆరు మైళ్ళు, రాను ఆరు.
పదమూడు తేలితే
ఆ ఒక్క మైలూ ఎవడితో అని రాత్రంతా.
దాన్ని నేను శ్రద్ధ అనుకున్నాను.
నేను చదివిన పుస్తకాల్లో దాని పేరు అదే మరి.
‘నీ కోసం ఎంత కంగారు పడతాడో’ అంది అమ్మ,
బఠాణీలు వడగడుతూ.

ఆ మైలు బేకరీ దాకా.
ఒక్కదాన్నే, కారులో కూర్చుని
వేడి రొట్టె తిన్నాను, అంతే.
ఇప్పటికీ దాల్చినచెక్క వాసనొస్తే
నాలుక కంటే ముందు
లెక్క గుర్తొస్తుంది.

పుస్తకం తీసేద్దామంటాడు ప్రిన్సిపాల్.
తీసేస్తే
ఆ చేతిరాతలు మళ్ళీ ఎక్కడ కలుసుకుంటాయి?

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో
పుస్తకంలో గీత గీసిన వాళ్ళకి జరిమానా వేశానే తప్ప
నేను గీయలేదు.
ఇవాళ పెన్సిలు చెక్కుకున్నాను.
ప్రేమ అన్న మాటతో మొదలుపెట్టబోయి ఆగి,
చీమ తల కింద చీమ తలంతే రాశాను:
‘నాది కారు మీటరు. తప్పు నాది కాదని తెలియడానికి
చాలా ఏళ్ళు పట్టింది.
మంగళవారాలు నాలుగున్నర దాకా ఇక్కడే ఉంటాను.
లోపలి గదిలో పాత ఫోనుంది,
గోడకే బిగించి ఉంది,
ఎవరూ విసరలేరు.’

అట్ట బయటికి కనిపించేలా
పుస్తకాన్ని అరలో నిలబెట్టాను.

ఇవాళ మంగళవారం.
ఓడ రెండోసారి కూసింది.
టైమెంతైందని
ఇంకా ఎవరూ అడగలేదు.